పేరు లేని రాయి, పేరున్న పుట

జెద్దా పాత బస్తీకి దగ్గర్లో ఎత్తయిన గోడల మధ్య ఒక ఖబరస్తాన్ ఉంది. ఊళ్ళో వాళ్ళు దాన్ని ‘ఉమ్మునా హవ్వా’ అంటారు, అంటే మన అమ్మ హవ్వ. మానవజాతికి తొలి తల్లిని ఇక్కడే పాతిపెట్టారని పాత నమ్మకం. ఇలాంటి చోట గేటు దాటి లోపలికి వెళ్తే వరసలు వరసలుగా మట్టి తిన్నెలు, తల దగ్గర ఒక ముడిరాయి కనిపిస్తాయి. పేరు, ఊరు, తేదీ ఏవీ ఉండవు. సౌదీలో ఖననం పద్ధతే అది. రాజును పాతినా, రేవులో మూటలు మోసిన కూలీని పాతినా పైన కనిపించేది ఒకే మట్టి, ఒకే రాయి.

మతం దృష్టిలో అందులో గొప్ప సమానత్వం ఉంది. కాదనలేం. కానీ కడప నుంచో కర్నూలు నుంచో వచ్చి, “మా తాత హజ్‌కు వెళ్ళి ఇక్కడే పోయాడట, ఎక్కడ పాతారో ఒక్కసారి చూసి ఫాతిహా చదువుకుంటాం” అనే మనవడికి ఆ రాయి ఏమీ చెప్పదు. చెప్పాల్సింది కాగితమే. అందుకే ఈ ఊరి విషయంలో నేను మెచ్చుకోవాలనుకునే పనితనం రాతి చెక్కడంలోది కాదు, రాతకోతల్లోది. చనిపోయినవాణ్ణి యాభై ఏళ్ళ తర్వాత ఒక అపరిచితుడు వెతుక్కోగలిగేలా ఒక గడిలో రెండు ముక్కలు రాసి పెట్టడం కూడా ఒక విద్యే.

ఆ విద్యకు జెద్దాలోనే ఒక వింత ఉదాహరణ దొరుకుతుంది. 1853లో మారువేషంలో హజ్ చేసి జెద్దా చేరిన ఇంగ్లీషు యాత్రికుడు రిచర్డ్ బర్టన్, హవ్వ సమాధిని అడుగులేసి కొలిచాడు. తల నుంచి నడుము దాకా నూట ఇరవై అంగలు, నడుము నుంచి మడమ దాకా ఎనభై. ఒక పటం కూడా గీశాడు. బర్టన్ రాసిన ప్రతి మాటనూ నేను నమ్మను. మనుషుల గురించి తీర్పులిచ్చేటప్పుడు ఆయనకు నోటి దురుసు ఎక్కువ. కొలతల దగ్గర మాత్రం మనిషి మారిపోతాడు. కల్పన అని తాను నవ్వుకునే సమాధినైనా ఓపికగా అంగలేసి కొలిచి, అంకెలు అంకెలుగానే అచ్చువేశాడు. 1928లో ఆ కట్టడాన్ని కూలగొట్టారు. 1975లో ఆ చోటును కాంక్రీటుతో మూసేశారు. ఇవాళ ఆ సమాధి పొడవెంతో తెలుసుకోవాలంటే బర్టన్ అంగల్లాంటి రాతలే ఆధారం.

మన వైపు నుంచి హజ్‌కు వెళ్ళినవాళ్ళ సంగతికి వద్దాం. విమానాలు రాకముందు ప్రయాణమంతా ఓడ మీదే. రాయలసీమ నుంచైనా, సర్కారు జిల్లాల నుంచైనా, నైజాం నుంచైనా రైలెక్కి బొంబాయి చేరాలి. ముసాఫిర్‌ఖానాలో ఓడ కోసం పడిగాపులు కాసి, అరేబియా సముద్రం దాటాలి. 1882 నుంచి ఎర్ర సముద్రం ముఖద్వారానికి అవతల ఉన్న కమరాన్ దీవిలో క్వారంటైన్ కూడా తప్పనిసరైంది. అప్పటికే కలరా అంటే ప్రపంచమంతా హడలిపోతోంది. కనుక ‘జెద్దాలో పోయాడు’ అని ఇంట్లో చెప్పుకునే మనిషి నిజానికి ఓడ మీద పోయి సముద్రంలో కలిసి ఉండొచ్చు, కమరాన్ ఇసుకలో ఉండొచ్చు, జెద్దా నుంచి మక్కాకు ఒంటెల దారిలో ఉండొచ్చు, మక్కాలో జన్నతుల్ ముఅల్లాలోనో మదీనాలో జన్నతుల్ బఖీలోనో ఉండొచ్చు. ఊళ్ళో వాళ్ళకు అదంతా ‘జెద్దా’నే, ఎందుకంటే ఉత్తరం వచ్చింది జెద్దా నుంచి.

వెతికేవాళ్ళు ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ముందు ఖబరస్తాన్ పేరు పట్టుకుంటారు. ముందు పట్టుకోవాల్సింది ఓడను. ఏ ఓడ, ఏ నెల, కమరాన్‌లో ఎప్పుడు ఆగింది అన్నది తేలితే మిగతా చిక్కుముడి సగం విడిపోయినట్టే.

జెద్దాలో బ్రిటిష్ వైస్ కాన్సులేట్ 1838లో మొదలైంది. భారతీయ యాత్రికులు అప్పట్లో బ్రిటిష్ ప్రజలే కాబట్టి వాళ్ళ చావుల లెక్క, వదిలిపోయిన సొమ్ము లెక్క ఆ కచేరీ నెత్తిన పడింది. ఈ పనిలో తలుచుకోవాల్సిన మనిషి డాక్టర్ అబ్దుర్ రజాక్. యాత్రికుల ఆరోగ్య పరిస్థితి చూసి రమ్మని 1878లో భారత ప్రభుత్వం పంపిన వైద్యుడాయన. 1882లో జెద్దాలో వైస్ కాన్సుల్ అయ్యాడు. 1895 మే నెలలో ఊరి గోడల బయట సాయంత్రం షికారుకు వెళ్ళిన కాన్సుళ్ళ మీద దాడి జరిగినప్పుడు హతుడయ్యాడు. పదమూడేళ్ళు యాత్రికుల చావులూ జబ్బులూ చూసిన మనిషి చివరికి అదే ఊళ్ళో పోయాడు.

యాత్రికుడు పోతే నడుముకు కట్టుకున్న రూపాయలు, పరుపుచుట్ట, రాగి చెంబు, తిరుగు టిక్కెట్టు మిగిలేవి. వారసులు దగ్గర లేని సొమ్ము మీద ‘బైతుల్ మాల్’ అనే స్థానిక ఖజానాకూ, వారసులకు పంపాలనే కాన్సులేటుకూ ఎప్పుడూ పేచీయే. ఆ పేచీ మన అదృష్టం. మనిషి పోయాడన్నంత వరకే అయితే ఒక్క పంక్తితో సరిపెట్టేవాళ్ళు. డబ్బు తగాదా ఉంది కనుక తండ్రి పేరు, ఊరు, తాలూకా, వారసుడెవరు, సాక్షి ఎవరు అన్నీ రాయాల్సి వచ్చింది. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ దాచిన ఇండియా ఆఫీసు పత్రాల్లో హజ్‌కు సంబంధించిన దస్త్రాలను వెతికేవాళ్ళకు నా సలహా ఒకటే. చావుల పట్టీకన్నా ముందు సొమ్ముల పట్టీ చూడండి.

ఇక పేరు సంగతి. మన పేరు జెద్దా కాగితం మీదకు ఎక్కేలోపు ఎన్ని చేతులు మారుతుందో చూడాలి. ఊళ్ళో ‘పెద్ద హుస్సేనప్ప’ అని పిలుచుకునే నూర్‌బాషా రైతు ఒకడున్నాడనుకుందాం. బొంబాయిలో ఉర్దూ రాసే గుమాస్తా ‘ప’నూ, ‘డ’నూ, ‘చ’నూ ఇబ్బంది లేకుండా రాస్తాడు, ఉర్దూలో ఆ అక్షరాలున్నాయి. ఇంగ్లీషు పాసులో తెల్లవాడు తనకు వినిపించినట్టు రాస్తాడు. జెద్దాలో అరబ్బీ గుమాస్తా దగ్గరికి వచ్చేసరికి అరబ్బీలో ‘ప’ లేదు, ‘బ’ అవుతుంది. ‘చ’ లేదు, ‘ష’ అవుతుంది. ‘ట’, ‘డ’ పోయి ‘త’, ‘ద’ అవుతాయి. ‘ఎ’కూ ‘ఇ’కీ, ‘ఒ’కూ ‘ఉ’కూ తేడా ఉండదు. ‘గ’ను ఒకడు జీమ్‌తో రాస్తాడు, ఒకడు గైన్‌తో రాస్తాడు, ఇంకొకడు ఖాఫ్‌తో రాస్తాడు. పెద్ద హుస్సేనప్ప ‘బిద్దా హుసైనబ్బా’ అవుతాడు. చిన్న దస్తగిరి ‘షిన్నా దస్తగీర్’ అవుతాడు. దాన్ని మళ్ళీ ఎవరో ఇంగ్లీషులోకి మారిస్తే సొంత తమ్ముడే గుర్తుపట్టలేడు.

ఇంకో చిక్కు ‘షేక్’. మన దగ్గర అది ఇంటిపేరులా పేరుకు ముందు నిలబడుతుంది. ఆధార్ కార్డులోనూ అలాగే ఉంటుంది. అరబ్బులకు అది పెద్దమనిషికి ఇచ్చే గౌరవం. ఒక గుమాస్తా దాన్ని పేరులో భాగమనుకుని రాసుకుంటే, మరొకడు బిరుదనుకుని వదిలేస్తాడు. కాబట్టి షేక్ మస్తాన్‌ను ‘షీన్’ కింద ఒకసారి, ‘మీమ్’ కింద ఒకసారి వెతకాలి. ఇది గుమాస్తా తప్పు కాదు. తన భాషకున్న అక్షరాలతో తనకు చేతనైనంత నిజాయితీగా రాశాడు. ఆ మార్పుల్లో ఒక క్రమం ఉంది, కాబట్టే వెనక్కి నడవడం సాధ్యమవుతుంది. ‘బ’ కనబడ్డ ప్రతిచోటా ‘ప’ అయి ఉంటుందేమోనని ఒక్కసారి పలికి చూడాలి, అంతే.

తేదీ ఇంతకన్నా రసవత్తరమైన విషయం. సౌదీ కాగితాల మీద హిజ్రీ సంవత్సరం ఉంటుంది. అది మన ఇంగ్లీషు సంవత్సరం కన్నా పది పదకొండు రోజులు చిన్నది. హిజ్రీ 1390 అంటే 1970 మార్చిలో మొదలై 1971 ఫిబ్రవరిలో ముగిసిన ఏడాది. కాబట్టి ‘1390’ అని మాత్రమే ఉన్న కాగితాన్ని ‘1970’ అని రాసేసుకుంటే రెండు నెలల మేర మోసపోవచ్చు. పైగా హిజ్రీ రోజు అర్ధరాత్రి మారదు, పొద్దు గుంకగానే మారుతుంది. 1960ల దాకా సౌదీలో గడియారాలు కూడా అలాగే పెట్టుకునేవాళ్ళు. సూర్యాస్తమయం పన్నెండు గంటలు. రాత్రి మూడింటికి పోయాడని ఆ లెక్కలో రాసి ఉంటే, మన లెక్కలో పొద్దు గుంకిన మూడు గంటలకు, అంటే రాత్రి తొమ్మిదీ పది మధ్య. తేదీ కూడా మన క్యాలెండరులో ఒక రోజు వెనక్కి.

ఈ చిక్కును విప్పే తాళంచెవి చాలాసార్లు ఇంట్లో ముసలమ్మ దగ్గర ఉంటుంది. ఆమెకు తేదీ తెలియదు. కానీ “బక్రీద్ మర్నాడు పోయాడంట” అంటుంది. చదువుకున్న మనవడు దాన్ని పట్టించుకోడు. అది అచ్చమైన హిజ్రీ తేదీ అని అతనికి తట్టదు. బక్రీద్ జిల్‌హజ్ పదో తేదీ. మర్నాడంటే పదకొండు. సంవత్సరం ఒక్కటి తెలిస్తే చాలు, రోజు తేలిపోతుంది. ఒకే జాగ్రత్త. నెలవంక మన దగ్గర తరచూ ఒక రోజు ఆలస్యంగా కనబడుతుంది కాబట్టి సౌదీ బక్రీద్ మన బక్రీద్‌కు సాధారణంగా ఒక రోజు ముందుంటుంది. ముసలమ్మ చెప్పింది ఏ బక్రీద్ అన్నది అడిగి తెలుసుకోవాలి. హాజీలతో వెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు చెప్పిన మాటైతే అది మక్కా బక్రీదే. పీర్ల పండగ నుంచి వెనక్కి లెక్కపెట్టి చెప్పేవాళ్ళ మాటా ఇంతే గట్టిది.

జెద్దాలో రాళ్ళ మీద పేర్లున్న చోటు ఒకటుంది. ఊరి నడిమధ్య, రద్దీ రోడ్డు పక్కన, గోడ చాటున ముస్లిమేతరుల స్మశానం. పాతవాళ్ళు దాన్ని ‘ఖవాజాల ఖబరస్తాన్’, అంటే పరదేశీల ఖబరస్తాన్, అనేవాళ్ళు. 1884లో రాబిగ్ దగ్గర తన వెంట నడిచిన మార్గదర్శుల చేతుల్లోనే హతుడైన ఫ్రెంచి అన్వేషకుడు ఛార్ల్స్ హ్యూబర్ ఇక్కడే ఉన్నాడు. తైమా శిలాశాసనం పారిస్‌లోని లూవ్ర్‌కు చేరడంలో ఆయన చేయి పెద్దది. అంటే శాసనాలు వెతికి ప్రాణాలు పోగొట్టుకున్న మనిషి తన పేరున్న రాయి కింద ఉన్నాడు. 1951 నవంబరులో ఒక విందులో రాకుమారుడి తుపాకీ గుండుకు బలైన బ్రిటిష్ వైస్ కాన్సుల్ సిరిల్ ఊస్మన్ కూడా అక్కడే. 2020 నవంబరు 11న మొదటి ప్రపంచ యుద్ధ సంస్మరణకు దౌత్యవేత్తలు చేరినప్పుడు బాంబు పేలిందీ ఈ గోడల మధ్యనే.

రాయి మీద పేరుంటే ఇక కాగితం ఎందుకు అనిపించవచ్చు. ఉప్పుగాలి అరేబియా తీరంలోనైనా, బందరు తీరంలోనైనా ఒకేలా కొరుకుతుంది. రాతి మీద అక్షరం చదవగలిగినంత కాలమే చిరునామా. ఈ మాట అర్థం చేసుకుని పని చేసినవాళ్ళలో నాకు అందరికన్నా ఇష్టమైనవాడు మన తెలుగు జిల్లాల్లో దొరుకుతాడు.

జూలియన్ జేమ్స్ కాటన్ మద్రాసులో ఐసీఎస్ అధికారి. మద్రాసు రాజధానిలోని సమాధుల మీది చారిత్రక శాసనాలన్నిటికీ ఆయన కట్టిన జాబితా 1905లో ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయింది. ఆయన పోయాక 1945–46లో మళ్ళీ వేశారు. గంజాం, విశాఖ, గోదావరి, కృష్ణా, నెల్లూరు, కడప, బళ్ళారి, కర్నూలు, అన్ని జిల్లాలూ అందులో ఉన్నాయి. పుట తెరిస్తే నిలువు గళ్ళు. వరుస సంఖ్య, సంవత్సరం, పేరు, శాసనం. పైకి గుమాస్తా పనిలాగే ఉంటుంది. కళ అంతా గళ్ళ కింద చిన్న అక్షరాల్లో ఉంది. శాసనంలో ఉన్నది శాసనంలో ఉన్నట్టు పైన ఉంచి, తాను కనుక్కున్న సంగతిని కింద విడిగా రాశాడు. ఈ మనిషి ఎవరు, ఎవరి అల్లుడు, ఏ యుద్ధంలో ఉన్నాడు, ఇంకెక్కడ ఈ కుటుంబం రాయి ఉంది. రాయి మాటనూ తన మాటనూ ఒక్కచోట కూడా కలవనివ్వలేదు. వంశాల గురించి పుస్తకాలు రాసే మన పెద్దలు చాలామందికి లేని నిగ్రహం ఇది.

ఇలాంటి జాబితా విలువ తెలియాలంటే థామస్ మన్రో కథ చాలు. దత్తమండలాల్లో ఇప్పటికీ తలుచుకునే ఆ గవర్నరు 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. పాతిపెట్టింది గుత్తిలో. 1831లో అస్థికలను మద్రాసుకు తరలించి సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో ఉంచారు. పోయింది ఒక చోట, పాతింది ఒక చోట, ఇప్పుడున్నది మరో చోట. గుత్తిలో వెతికినవాడికి గుత్తి సగం నిజమే చెబుతుంది. మన్రో గవర్నరు కాబట్టి ఈ మూడు చోట్లూ అందరికీ తెలుసు. అదే సంవత్సరం అదే రోగంతో అదే దారిలో పోయిన ఒక సుబేదారుకు ఎవరున్నారు?

నైజాం వైపు ఈ పని చేసింది ఆలివ్ క్రాఫ్టన్ అనే ఆవిడ. నిజాం రాజ్యంలోని సమాధి శాసనాల జాబితాను జీవిత వివరాలతో సహా 1941లో తెచ్చింది. హైదరాబాదులో సరూర్‌నగర్ దగ్గర గుట్ట మీదున్న రేమాండ్ సమాధి చూసినవాళ్ళకు ఇలాంటి జాబితా ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు. నిజాం కొలువులో ఫ్రెంచి సేనాని, 1798 మార్చి 25న పోయాడు. నల్లరాతి స్తంభం మీద జె, ఆర్ అని రెండు అక్షరాలు. పొడి అక్షరాలు తప్ప పూర్తి పేరు లేదు, తేదీ లేదు. జనం మూసా రహీం అని, మూసా రాం అని కొలుచుకున్నారు, మూసారాంబాగ్ అని పేటకు పేరే వచ్చింది. రాయి రెండక్షరాల దగ్గర ఆగిపోతే జనం నోరు ఒక దేవుణ్ణి చేసింది. పూర్తి పేరు, తేదీ చెప్పింది కాగితం.

ఈ పుస్తకాల వెనక ఇంకా పాత పునాది ఒకటుంది. కంపెనీ కాలంలో చర్చి ఫాదరీలు బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాల పట్టీలకు నకళ్ళు తీయించి లండన్‌కు పంపేవాళ్ళు. మద్రాసు పట్టీలు 1698 నుంచి ఉన్నాయి. చెదలూ తుపానులూ ఇక్కడి అసలును తినేసినా నకలు అక్కడ మిగిలింది. 1864 నవంబరులో బందరును ముంచేసిన ఉప్పెన తర్వాత నకలు విలువ ఎవరికీ వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ పట్టీల్లో నేను మెచ్చేది ఇంకొకటి. పోయిన తేదీకి ఒక గడి, పాతిన తేదీకి ఇంకొక గడి. కాన్సులేట్ల మరణ రిజిస్టరులో మాత్రం సాధారణంగా పోయిన చోటే ఉంటుంది, పాతిన చోటు ఉండదు. మరణపత్రం చేతిలో పెట్టుకుని సమాధి దొరకలేదని బాధపడేవాళ్ళు ఈ తేడా గమనించాలి.

ఈనాటి జెద్దాకు వస్తే మనవాళ్ళ చావు ఒక ఫైలు. జగిత్యాల నుంచో నిజామాబాదు నుంచో వచ్చి పనిచేస్తూ గుండె ఆగి పోయినవాడి కోసం ఆస్పత్రి చీటీ, అవసరమైతే పోలీసు కాగితం, యజమాని (కఫీల్) ఉత్తరం, ఊళ్ళో భార్యాపిల్లలు సంతకం చేసి పంపిన అధికారపత్రం, భారత కాన్సులేట్ ఇచ్చే ఎన్ఓసీ, అహ్వాల్ అనే పౌర నమోదు ఆఫీసు మరణపత్రం ఒకదాని మీద ఒకటి చేరాలి. పాతినా ఇక్కడే, పంపినా ఇక్కడి నుంచే. దహనానికి సౌదీలో వీల్లేదు. ముస్లిం అయితే చాలా కుటుంబాలు ఇక్కడే ఖననానికి ఒప్పుకుంటాయి. అప్పుడు సమాధి వివరం ఉండేది బల్దియా దగ్గర. హైదరాబాదీలకు ఆ మాట కొత్త కాదు, వాళ్ళ మున్సిపాలిటీ పేరూ అదే.

ఈ ఫైలులో పాత గుమాస్తాలకు లేని ఆయుధం ఒకటుంది, ఇఖామా అనే నివాస అనుమతి మీది నంబరు. పది అంకెలు, మొదటిది రెండు. పోచయ్య అరబ్బీలో బూషయ్యా అయినా, ఆ పది అంకెలు మారవు. ఎక్కడో అల్మారాలో పాత ఇఖామా జిరాక్సు ఉన్న కుటుంబానిది అదృష్టం. హాజీలకైతే సరిహద్దు నంబరు ఉంటుంది. 2024 హజ్‌లో ఎండ దెబ్బకు పదమూడు వందల మందికి పైగా పోయారు. సౌదీ ప్రభుత్వమే చెప్పిన లెక్క ప్రకారం వాళ్ళలో ఎక్కువమంది అనుమతి లేకుండా వచ్చినవాళ్ళు. చేతికి పట్టీ లేనివాణ్ణి గుర్తుపట్టడం ఎంత కష్టమో ఊహించవచ్చు. విదేశంలో పోయిన పౌరుల వివరాలు కాన్సులేట్ ద్వారా భారత రిజిస్ట్రార్ జనరల్‌కు చేరి నమోదవ్వాలని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 20వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి సౌదీ కాగితం పోయినా ఢిల్లీ వైపు ఒక దారి ఉంది.

ఒక్క గడి తప్పితే ఏమవుతుందో 2021లో అందరూ చూశారు. జీజాన్‌లో జనవరిలో గుండెపోటుతో పోయిన హిమాచల్ ప్రదేశ్ వాసి ఒకరిని, కుటుంబం శవం కోసం ఎదురుచూస్తుండగానే, అక్కడే పాతిపెట్టేశారు. మరణపత్రం అనువాదంలో మతం గడిలో ‘ముస్లిం’ అని పడింది. భార్య ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. ఆ కాగితంలో తప్పు పడింది ఒక్క గడిలోనే. ఎవరిని ఎక్కడ పాతారన్నది రాతలో ఉండటం వల్ల, పేరు లేని ఆ వరసల్లోంచి సరైన సమాధినే తవ్వి తీయగలిగారు. మే నెలలో ఆయన ఇంటికి చేరాడు.